రైలు దిగి వచ్చిన నా కొడుకు

సహోదరులారా, నాకు టీబీ వచ్చిన ఏడాది మేడ్చల్‌లో వానలు బాగా పడ్డాయని అందరూ అంటారు, నాకు మాత్రం ఆ వానలు గుర్తు లేవు. ఆసుపత్రి మంచం మీద పడుకుని పైకి చూస్తే పంకా తిరుగుతున్నట్టూ ఉండేది, తిరగనట్టూ ఉండేది, పగలు ఎప్పుడు పోయిందో సాయంత్రం ఎప్పుడు వచ్చిందో తెలిసేది కాదు, జ్వరం నన్ను ఎక్కడెక్కడికో మోసుకుపోయి మళ్ళీ తెచ్చి అదే దుప్పటి కింద పడుకోబెట్టేది. అప్పటికి నాకు పెళ్ళి కుదిరి ఉంది. అమ్మాయి వాళ్ళది నాగారం. జబ్బు సంగతి తెలిశాక వాళ్ళ పెద్దలు వచ్చి, ఏమీ అనుకోవద్దని మర్యాదగానే చెప్పి, ఆ సంబంధం వదులుకున్నారు. వాళ్ళను నేను తప్పు పట్టలేదు. మా అమ్మ ఒక్కతే నా పక్కన ఉండి, గంజి తాగించి, నా గుండెల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. దేవుడు ఆమె ప్రార్థన విని నన్ను లేపాడు, మందులు పనిచేశాయి, జబ్బు పూర్తిగా పోయిందని డాక్టరుగారు చెప్పారు. కానీ నేను ఇంటికి వచ్చిన ఆ చలికాలంలోనే మా అమ్మ నిద్రలో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది.

నా పేరు దేవదానం. శామీర్‌పేట దారిలో ఉన్న ఒక కోడిపిల్లల హేచరీలో పని చేస్తాను. వేడి గదిలో అరల నిండా గుడ్లు ఉంటాయి, పసుపు దీపాలు వెలుగుతుంటాయి, వాటి మధ్య నడుస్తుంటే ఇంకా పుట్టని ప్రాణాలు నా చుట్టూ నిద్రపోతున్నట్టు ఉంటుంది. అక్కడ పగలంతా బాగానే గడిచేది. సాయంత్రం మేడ్చల్‌కు వచ్చి రేకుల ఇంటి తలుపు తీస్తే మాత్రం, నేను పొద్దున పెట్టిన చెంబు పెట్టిన చోటే, ఆరేసిన చొక్కా ఆరేసిన చోటే ఉండేది. ఏదీ కదలని ఆ ఇల్లు చూసి నాకు భయం వేసేది. "ప్రభువా, ఈ ఇంట్లో ఒక మనిషి అలికిడి ఇయ్యి, నాకు వేరే ఏమీ వద్దు" అని ప్రార్థించేవాణ్ణి. పెళ్ళి గురించే అడుగుతున్నానని నేను అనుకున్నాను. ఆయన వేరేగా విన్నాడు.

జ్వరంలో ఉన్నప్పుడు నాకు ఒక కల వచ్చేది. మా వాకిట్లో ఒక పిల్లవాడు అటు తిరిగి నిలబడి ఉంటాడు, నేను పిలవాలనుకుంటాను, వాడి పేరు నాకు తెలియదు, నోరు తెరిచేసరికి మెలకువ వచ్చేస్తుంది. జ్వరం తగ్గాక ఆ కల రావడం మానేసింది, నేనూ మరిచిపోయాను.

శామీర్‌పేట చెరువు దగ్గర పిల్లల హోం ఒకటి ఉండేది. మా హేచరీలో పొదగడానికి పనికిరాని గుడ్లను మా యజమాని ఆ పిల్లలకు పంపేవారు, సైకిల్ మీద తీసుకెళ్ళే పని నాది. ఒకరోజు పొద్దున మంచు బాగా కమ్మింది, చెరువు ఎక్కడ మొదలైందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. గుడ్లు దించి తిరిగి చూస్తే వరండా చివర ఒక పిల్లవాడు గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. సహోదరులారా, అది నా కలలోని వీపు. హోం చూసుకునే మార్తమ్మక్కను అడిగాను, ఆ బాబు ఎవరని.

"శీను అంటరు. పోయినేడు మేడ్చల్ టేషన్ల పోలీసోళ్ళకు దొరికిండు" అంది ఆమె. "తొమ్మిదేండ్లుంటయేమో. రెండిండ్లోళ్ళు సాదుకుంటమని తీస్కపోయి, మల్ల తెచ్చి ఇడిచిపెట్టిండ్రు. కొరుకుతడు, తలుపులిరగ్గొడ్తడు, దొరికినప్పుడల్లా ఉరుకుతడు. ఇగ మా వల్లగాదు దానం, దూరంల సర్కారు హోం ఉన్నది, ఆడికి పంపాలని పెద్దలు అనుకుంటున్నరు."

ఆ రోజంతా గుడ్ల అరల మధ్య నడుస్తూ నేను ఆ వీపునే చూశాను. "ప్రభువా, ఈ పిల్లవాడు నీవు నాకు ముందే చూపించినవాడైతే, నాకు ధైర్యం ఇయ్యి, కాకపోతే నా మనసులోంచి తీసెయ్యి" అని ప్రార్థించాను. ఆయన తీసెయ్యలేదు.

వాణ్ణి నేను పెంచుకుంటానని అడిగినప్పుడు చాలామంది వద్దన్నారు. పెళ్ళి కాని మగవాడు, జబ్బు చేసి లేచినవాడు, ఇంత పెద్ద పిల్లవాణ్ణి, అందులోనూ ఇలాంటివాణ్ణి ఎలా పెంచుతాడని మన సంఘంలోనే పెద్దలు అన్నారు. వాళ్ళ మాటలో నిజం ఉంది. మా పక్కింటి లచ్చవ్వ, ఆమె మన సంఘం మనిషి కాదు, ఆమె మాత్రం హోం వాళ్ళ ముందుకు వచ్చి, "దానం పనికి పోతే పోరన్ని నేను జూస్కుంట. నా కండ్ల ముంగట పెరిగిండు గీ దానం, గింత చీమకు సుత కీడు జెయ్యడు" అని నా కోసం చెప్పింది. మన సంఘం పాస్టరు అయ్యగారు కూడా పూచీ ఉన్నారు. ఆ రోజుల్లో చట్టప్రకారం దత్తత తీసుకునే వీలు మన క్రైస్తవులకు లేదు, అందుకని కోర్టు నన్ను శీనుకు సంరక్షకుడిగా మాత్రమే నియమించింది. ఆ మాట అయినా నాకు చాలనుకున్నాను.

శీను ఇంటికి వచ్చాడు. అలికిడి అడిగాను కదా, దేవుడు కావలసినంత ఇచ్చాడు. వాడు చెంబులు విసిరేవాడు, రొట్టెలు దిండు గలీబులో దాచేవాడు, అవి బూజు పట్టాక కూడా తియ్యనిచ్చేవాడు కాదు. మంచం మీద పడుకోడు, చెప్పులు కాళ్ళకు ఉండగానే గడపకు అడ్డంగా పడుకునేవాడు. స్నానానికి పిలిస్తే నా చెయ్యి కొరికాడు, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆదివారం ఆరాధన మధ్యలో, బయట రైలు కూత వినబడితే చాలు, బెంచీల మీద నుంచి దూకి పారిపోయేవాడు. నన్ను ఏ పేరుతోనూ పిలిచేవాడు కాదు. అవసరమైతే చొక్కా అంచు లాగేవాడు. అయ్యగారు వాడికి బాప్తిస్మం ఇచ్చి మంచి పేరు పెడదామన్నప్పుడు మాత్రం మొదటిసారి నా ముఖంలోకి చూసి మాట్లాడాడు. "పేరు మార్చద్దు. శీనే ఉండాలె" అన్నాడు. ఎందుకని అడిగితే మళ్ళీ గోడవైపు తిరిగాడు.

వాడు పారిపోయిన ప్రతిసారీ మేడ్చల్ స్టేషనులోనే దొరికేవాడు. మొదట్లో నేను రెక్క పట్టుకుని ఇంటికి తెచ్చేవాణ్ణి. తలుపుకు గడియ పెట్టి చూశాను, రేకు సందులోంచి దూరి పోయాడు. మార్తమ్మక్క వచ్చి చూసి, "నీ పానం తీస్తున్నడు దానం, చాతగాకపోతే చెప్పు, తప్పులేదు" అంది. నేను మోకరించి, "ప్రభువా, వీణ్ణి ఎలా ఆపాలో చెప్పు" అని అడిగాను. ఆయన స్వరం నాకు చెవులకు వినబడలేదు, కానీ మోకాళ్ళ మీద నుంచి లేచేటప్పటికి నా మనసులో ఒక్కటే ఉంది, ఆపవద్దు, వెంట వెళ్ళు అని.

మరుసటి సాయంత్రం పని నుంచి వచ్చి, "పా శీను, టేషన్‌కు పోదాం" అన్నాను. వాడు నమ్మలేదు. నాకు పది అడుగుల దూరంలో నడిచాడు. ప్లాట్‌ఫారం చివర సిమెంటు బెంచీ మీద నేను కూర్చున్నాను, వాడు కొసకు కూర్చున్నాడు. ఎండ వాలిపోతుంటే పట్టాలు బంగారు తీగల్లా మెరిశాయి. నిజామాబాద్ వైపు నుంచి ప్యాసింజరు వచ్చింది, దుమ్ములో, ఆవిరిలా లేచే ఎండలో, మనుషులు దిగుతుంటే నీడలు దిగినట్టు ఉంది. వాడు ప్రతి పెట్టెనూ, ప్రతి కిటికీనీ చూశాడు. బండి వెళ్ళిపోయింది. ఇద్దరం ఇంటికి వచ్చి అన్నం తిన్నాం. ఆ తర్వాత వానైనా ఎండైనా మాకు అదే అలవాటు అయింది. నేను ఏమీ అడగలేదు. బండ్ల మధ్య ఆ నిశ్శబ్దంలో నేను మెల్లగా ప్రార్థించుకునేవాణ్ణి, వాడు రాళ్ళు ఏరి పట్టాల మీదికి విసిరేవాడు, కొన్నాళ్ళకు విసరడం మానేశాడు, ఇంకొన్నాళ్ళకు బెంచీ కొస నుంచి నా పక్కకు జరిగాడు.

ఒక వానాకాలం సాయంత్రం బండి వెళ్ళాక వాడు ఉన్నట్టుండి, "నాకొక సెల్లె ఉండె" అన్నాడు.

నేను కదలలేదు. కదిలితే ఆ మాట ఎగిరిపోతుందేమో అనిపించింది.

"సిట్టి. గింతుండె. మా అమ్మ ఇటుకబట్టీల కాడ సచ్చిపోయింది. నాయిన ముందే లేడు. అవ్వ దగ్గరికి పోదామని నేనే దాన్ని బండెక్కించిన. నడ్మ ఒక టేషన్ల నీళ్ళకు దిగినం. అమ్మ జెప్పింది, సెల్లె చెయ్యి ఇడ్వకురా అని. నేను నీళ్ళు తాగనీకె దోసిలి పట్టిన. దాని చెయ్యి ఇడిచిన. సూస్తే లేదు. బండి కదిలింది, ఎక్కిందేమో అని నేను ఉరికి ఎక్కిన. అండ్ల లేదు."

"ఏ టేషనో గుర్తున్నదా?"

"నాకు సదువురాదు గద."

"గీ సంగతి పోలీసోళ్ళకు చెప్పలేదా, మార్తమ్మక్కకు?"

"చెప్తే నన్నే అంటరు" అన్నాడు. పట్టాల వైపు చూస్తూ, "అది నన్ను దేవులాడుకుంట గీ బండ్లనే వస్తది. నేను ఇంట్ల కూసుంటే దానికెట్ల దొరుకుత? పేరు మారిస్తే ఎట్ల పిలుస్తది?" అన్నాడు.

సహోదరులారా, అంతమంది పెద్దలం వాణ్ణి మొండివాడన్నాం, దయ్యం పట్టిందన్నవాళ్ళూ ఉన్నారు. ఆ పసివాడు చేస్తున్నదల్లా కాపలా. చెప్పులు విప్పకుండా పడుకున్నది అందుకు. రొట్టెలు దాచింది చెల్లెలి కోసం. ఆ బెంచీ మీదే వాడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాను. "తండ్రీ, నీవు ఒక్క గొర్రెపిల్ల కోసం కొండలు తిరిగే కాపరివి, ఈ బిడ్డ ఒంటరిగా వెతుకుతున్నాడు, నీవు మా ముందు నడువు." ఆ రోజు వాడు నా చెయ్యి విదిలించుకోలేదు.

ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా మేమిద్దరం ఆ లైను మీద ప్రయాణం చేశాం. ప్రతి స్టేషనులో దిగి కుళాయి చూపించి ఇదేనా అని అడిగేవాణ్ణి. అన్ని కుళాయిలూ వాడికి ఒకేలా కనిపించేవి. స్టేషను సిబ్బంది మారిపోయారు, పోలీసులకు చెప్పాం, వెతుకుతామన్నారు, ఏమీ తెలియలేదు. ఏళ్ళు గడిచాయి. శీను బడికి వెళ్ళాడు, కాస్త ఎదిగాడు, గొంతు మారింది, కొరకడం మానేశాడు, చెప్పులు మాత్రం రాత్రి విప్పేవాడు కాదు. మేము ప్రతి భోజనం ముందు సిట్టి పేరు చెప్పి ప్రార్థించేవాళ్ళం. నిజం చెప్పాలంటే ఒక్కోసారి ఆ పేరు పలుకుతుంటే, నిజంగా ఉన్న పిల్లనా, మా ఇద్దరి కలలో పుట్టిన పిల్లనా అనిపించేది.

అప్పుడు దేవుడు పనిచేశాడు. మన సంఘ మహాసభలు జరుగుతున్న వేసవిలో అయ్యగారు ప్రార్థన మనవులు చదువుతూ సిట్టి సంగతి కూడా చదివారు. కూటం అయిపోయాక కామారెడ్డి నుంచి వచ్చిన సువార్తమ్మ అనే పెద్దావిడ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. "అయ్యా, మా వాడకట్టుల సులోచన టీచరని ఉన్నది. పిల్లలు లేకుండె ఆమెకు. టేషన్ల తప్పిపోయి దొరికిన పిల్లను సాదుకుంటున్నది. పేరు వేరే పెట్టింది గని, పిల్ల సిట్టీ అంటెనే పలుకుతది" అంది. శీను అక్కడే ఉన్నాడు. వాడి ముఖంలో సంతోషం కనబడలేదు. భయం కనబడింది.

ఆ ఆదివారమే తెల్లవారుజాము బండికి బయలుదేరాం. పొలాల మీద పొగమంచులాంటి తెల్లటి వెలుగు పరుచుకుని ఉంది, బండి నేల మీద కాక ఆ వెలుగు మీద తేలుతున్నట్టు ఉంది. శీను కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్నాడు. "నన్ను తిడ్తదా?" అని ఒక్కసారి అడిగాడు. నేను వాడి భుజం మీద చెయ్యి వేశాను.

సులోచన టీచర్ మంచి మనిషి. మేము పిల్లను తీసుకుపోతామేమోనని ఆమెకు భయం ఉంది, అయినా తలుపు పూర్తిగా తీసి లోపలికి రమ్మంది, పిల్లను పిలిచి, "సిట్టీ, మీ అన్న వచ్చిండు" అని దాచకుండా చెప్పింది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు. ఆ గాటు చూసి శీను గోడకు ఆనుకున్నాడు. పిల్ల సిగ్గుపడుతూ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. వాడు గ్లాసు పట్టుకుని తాగలేకపోయాడు.

"సిట్టీ, నేను నీ చెయ్యి ఇడిచిన" అన్నాడు.

పిల్ల వాడివైపు వింతగా చూసింది. "నువ్వెక్కడ ఇడిచినవ్? నేనే గుంజుకున్న" అంది. "గాడ ఒకాయన కోతిని ఆడిస్తుండె. సూద్దామంటే నువ్వు వద్దన్నవ్. నువ్వు ఒక్క చేత్తోనే నీళ్ళు తాగుతుంటివి, ఇంకో చేత్తోని నన్ను గట్టిగ పట్టుకున్నవ్. నేను గుంజుకోని ఉరికిన. నువ్వు సిట్టీ సిట్టీ అని ఒర్లుతుంటే నాకు ఇనవడ్డది, కోతి అయిపోయినంక పోదాం తియ్ అనుకున్న. మల్ల సూస్తే బండి లేదు."

ఆ మాట చెప్పి పిల్ల, తనకొక కుక్కపిల్ల ఉంది చూస్తావా అని వాణ్ణి పెరట్లోకి లాక్కుపోయింది. సహోదరులారా, ఇద్దరిలో ఎవరికి సరిగ్గా గుర్తుందో నాకు తెలియదు, ఆ స్టేషనులో ఉన్నది వాళ్ళిద్దరూ, పైన దేవుడూ మాత్రమే. కానీ అన్నేళ్ళుగా ఏ ప్రార్థనా, ఏ బుజ్జగింపూ దించలేని బరువును ఆయన ఒక చిన్నపిల్ల నోటి మాటతో దించేశాడు. పెరట్లో శీను నేల మీద కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు, పిల్ల ఏమీ అర్థం కాక వాడి ఒళ్ళో కుక్కపిల్లను పెట్టింది. టీచరమ్మ, నేను తలుపు దగ్గర నిలబడి మేమూ ఏడ్చాం. దేవునికే మహిమ.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను శీనును పక్కకు పిలిచి, "ఏమంటవ్ బిడ్డా, సెల్లెను మనతోని రమ్మందామా?" అని అడిగాను. వాడు ఆ ఇంటిని చూశాడు, గోడ మీద పిల్ల గీసిన బొమ్మలు చూశాడు, టీచరమ్మ పిల్ల జడ మళ్ళీ అల్లుతుంటే చూశాడు. "ఈడ మంచిగున్నది అది. ఈడనే ఉండని. మనం వస్తుందం" అన్నాడు. తర్వాత, "ఇగ పోదాం" అన్నాడు.

తిరుగు బండిలో జనం ఎక్కువ. ఎదురుగా కూర్చున్న ముసలాయన, "ఏడిదాక బాబూ?" అని వాణ్ణి అడిగాడు. "మేడ్చల్. ఇంటికి పోతున్నం, నేను, మా నాయిన" అన్నాడు శీను, నా వైపు చూడకుండానే. నేను కిటికీ వైపు తిరిగి పొలాలు చూస్తున్నట్టు కూర్చున్నాను, కళ్ళ ముందు పొలాలు కరిగిపోతున్నాయి. మనోహరాబాద్ రాకముందే వాడు నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. నేను వంగి వాడి కాళ్ళ నుంచి చెప్పులు తీసి పక్కన పెట్టాను, వాడు లేవలేదు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఈమధ్య చట్టం మారి, మనలాంటివాళ్ళకు కూడా దత్తత తీసుకునే వీలు వచ్చింది. ఆ సంగతి పేపర్లో చదివి నాకు చెప్పింది శీనే. అప్పటికి వాడికి పద్దెనిమిది నిండడానికి కొన్ని నెలలే ఉన్నాయి, నాకంటే పొడుగు, మోటారు మెకానిజం నేర్చుకుంటున్నాడు. కోర్టులో జడ్జిగారు మమ్మల్నిద్దర్నీ చూసి, దయగానే, "బాబూ, ఇంకొన్నాళ్ళైతే నువ్వు మేజరువి. నీకు సంరక్షకుడి అవసరమే ఉండదు. ఇప్పుడు ఈ దత్తత దేనికి?" అని అడిగారు.

శీను చేతులు కట్టుకుని నిలబడి, "సార్, మేజరైతే సంరక్షకుడు అక్కెరలేకపోవచ్చు. నాయిన అక్కెరనే గద" అన్నాడు.

జడ్జిగారు కాగితాలు దగ్గరికి లాక్కుని సంతకం చేశారు.

ప్రియులారా, నేను దేవుణ్ణి అడిగింది చిన్నది, ఆయన నాకు ఇచ్చింది నా రెండు చేతుల్లో పట్టనిది. కామారెడ్డిలో ఇప్పుడు నాకొక కూతురు వరుస పిల్ల కూడా ఉంది, సెలవులకు వచ్చి లచ్చవ్వ ఒళ్ళో పడుకుంటుంది. మీలో ఎవరైనా, ఇక నా ఇంట్లో ఎవరూ ఉండరు అని కూర్చున్నవారుంటే, ఎవరూ ఉంచుకోలేక తిప్పి పంపిన బిడ్డ మీ కంటబడితే, భయపడకండి. ఆ బిడ్డ ఎక్కడికి పరుగెడుతున్నాడో తిట్టకుండా వెంట వెళ్ళి చూడండి. ప్రభువు అప్పటికే అక్కడ కూర్చుని మీ కోసం కాస్త చోటు ఉంచి ఉంటాడు. ఆయనను నమ్మండి. నేను నమ్మాను, నన్ను నాయిన అని పిలిచేవాడు ఈ మాటలు రాస్తుంటే పక్క గదిలో అన్నం వడ్డిస్తున్నాడు.